డిగ్రీ చదవాలా, పనిలో చేరాలా: అడ్మిషన్ తీసుకునే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ అయిపోయేదాకా నాకు ఫోన్లు ఎక్కువ. బంధువులు, ఊరివాళ్ళు, మా దగ్గర పనిచేసేవాళ్ళు అందరూ దాదాపు ఒకటే అడుగుతారు. "మావాడికి ర్యాంకు సరిగా రాలేదు. అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు తీసుకోమంటారా, ఏదైనా పనిలో పెట్టమంటారా?" హైదరాబాద్ శివార్లలో మెషిన్ విడిభాగాలు తయారుచేసే ఒక యూనిట్‌లో మనుషుల్ని తీసుకునే పని నాది. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివినవాళ్ళు, ఏమీ చదవకుండా పని నేర్చుకున్నవాళ్ళు అందరూ మా బల్ల ముందు కూర్చుంటారు. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది.

డిగ్రీ గొప్పదా, అనుభవం గొప్పదా అని ఊరికే అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఏ డిగ్రీ, ఏ కాలేజీలో, ఎంత డబ్బు పెట్టి? ఏ పని, ఎవరి దగ్గర, ఏ కాగితాలతో? ఇవి తెలిస్తేనే పోల్చగలం. మంచి కాలేజీలో, ఇంటికి మోయగలిగే ఖర్చులో సీటు వస్తే పని కోసం దాన్ని వదులుకోవద్దు. సర్టిఫికెట్ తప్ప ఇంకేమీ ఇవ్వని కాలేజీకి లక్షలు కట్టాల్సి వస్తే మాత్రం పీఎఫ్ కట్టే చోట పనిలో చేరి, చదువును తక్కువ ఖర్చుతో పక్కన పూర్తి చేసుకోవడం మేలు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

డిగ్రీ లేనిదే కుదరని పనులు

కొన్ని పనులకి ఈ చర్చే అక్కర్లేదు. డాక్టరు, లాయరు, నర్సు, టీచరు కావాలంటే చట్టమే చదువు అడుగుతుంది. మెడికల్ షాపులో పదేళ్ళు పనిచేసి మందుల పేర్లన్నీ నోటికొచ్చినా, సొంతంగా షాపు పెట్టుకోవాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉండాల్సిందే. అయితే దానికి నాలుగేళ్ళ బీఫార్మసీయే చేయనక్కర్లేదు, రెండేళ్ళ డీఫార్మసీ చాలు. ఆ సంగతి తెలియక షాపుల్లో అలాగే ఉండిపోయినవాళ్ళు చాలామంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో గీత ఇంకా స్పష్టంగా ఉంటుంది. కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ కావాలి. రైల్వేలో ఎన్‌టీపీసీ అనే నాన్ టెక్నికల్ పోస్టుల్లో టికెట్ క్లర్క్‌కి ఇంటర్, స్టేషన్ మాస్టర్‌కి డిగ్రీ. కేంద్ర ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే పరీక్షల్లో సీహెచ్‌ఎస్‌ఎల్‌కి ఇంటర్, సీజీఎల్‌కి డిగ్రీ. బ్యాంకులో క్లర్క్ అయినా, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) అయినా ఏదో ఒక డిగ్రీ ఉండాలి. గ్రూప్-1, గ్రూప్-2లకూ, సివిల్స్‌కూ అంతే. ఈ పరీక్షల్లో మీరు ఎక్కడ ఎన్నేళ్ళు పనిచేశారని ఎవరూ అడగరు. ఏ కాలేజీ అని కూడా అడగరు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ అయితే చాలు.

ఈ ఆఖరి మాట జాగ్రత్తగా గమనించండి. మీ లక్ష్యం బ్యాంకో గ్రూప్సో అయితే, డిగ్రీకి ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. ఊళ్ళోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, లేదా హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, లేదా ఇగ్నో సరిపోతాయి. మన అంబేడ్కర్ వర్సిటీ 1982లో మొదలైంది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పగలు పనిచేసుకునేవాళ్ళ కోసమే పెట్టిన చదువది. మిగిలిన డబ్బూ టైమూ పరీక్షకు తయారవడానికి వాడుకోవచ్చు.

ఐటీఐ చేసినవాళ్ళకి డిగ్రీ లేకుండానే తెరుచుకునే మంచి చోట్లు కొన్ని ఉన్నాయి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి పదో తరగతితో పాటు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్‌లో ఐటీఐ ఉంటే చాలు. సింగరేణిలోనూ, పెద్ద ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ ఐటీఐ వాళ్ళకి వేరే నోటిఫికేషన్లు పడతాయి. "ఐటీఐ అంటే చదువు రానివాళ్ళు చేసేది" అని తీసిపారేసే మేనమామలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళ మాట పక్కన పెట్టండి.

డబ్బు లెక్క

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకుంటారు చాలామంది. చదివే నాలుగేళ్ళూ సంపాదించకుండా ఉండటం కూడా ఖర్చే. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

కాలేజీ ఫీజు ఏడాదికి 70,000 అనుకుందాం. నాలుగేళ్ళకి 2,80,000. హాస్టలు, తిండి, బస్సు, పుస్తకాలకి ఏడాదికి 75,000 చొప్పున ఇంకో 3,00,000. ఇదే కుర్రాడు నెలకి 15,000కి పనిలో చేరి ఉంటే 48 నెలలకి వచ్చేది 7,20,000. మొత్తం 13 లక్షలు. ఇది బీటెక్ అసలు ఖరీదు.

ఇప్పుడు రెండో వైపు. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్‌కి ఇచ్చే ప్యాకేజీ పదేళ్ళకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. 3,36,000 అనుకుంటే నెలకి 28,000. పనిలో చేరినవాడు నాలుగేళ్ళలో 21,000కి చేరాడనుకుందాం. తేడా 7,000. ఈ తేడా ఇలాగే ఉంటే ఆ 13 లక్షలు రాబట్టుకోవడానికి పదిహేనేళ్ళకు పైనే పడుతుంది. మేనేజ్‌మెంట్ కోటా అయితే ఇంకా కొన్ని లక్షలు, వాటిమీద వడ్డీ.

ఈ లెక్క చూసి బీటెక్ దండగ అనుకోకండి. తేడా అలాగే ఉండిపోదు. పని నేర్చుకున్న ఇంజినీరు జీతం అయిదారేళ్ళలో బాగా పెరుగుతుంది. టెక్నీషియన్ జీతం నెమ్మదిగా పెరిగి ఒక చోట ఆగుతుంది. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వమే ఫీజు కట్టే పథకం) వచ్చి, ఇంటి దగ్గర్నుంచే కాలేజీకి వెళ్ళేవాడికి ఖర్చు సగానికి పడిపోతుంది. పనిలో చేరినవాడి ఏడు లక్షలు కూడా దాచిపెట్టిన సొమ్ము కాదు, చాలావరకు ఇంటి ఖర్చుకే పోయి ఉంటుంది. ఈ లెక్క చెప్పేదల్లా ఒక్కటే. చదివాక ఉద్యోగం వచ్చినప్పుడే ఈ పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ కాలేజీ నుంచి ఎంతమందికి ఉద్యోగం వస్తోందన్నదే అసలు ప్రశ్న.

దేశం మొత్తం మీద పరిస్థితి చూస్తే ఈ భయం ఉత్తిది కాదని తెలుస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ఇచ్చిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో డిగ్రీ ఉన్న యువతలో 29.1 శాతం నిరుద్యోగులు. చదవడం రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు లేనివాళ్ళకి మంచి ఉద్యోగాలు దొరుకుతున్నాయని దీని అర్థం కాదు. వాళ్ళకి ఖాళీగా కూర్చునే వీలు లేదు, ఏ కూలికైనా వెళ్తారు. డిగ్రీ చదివినవాడు చదువుకి తగ్గ ఉద్యోగం కోసం ఎదురు చూస్తాడు, ఇంట్లోవాళ్ళూ చూడనిస్తారు. అలా ఎదురుచూస్తూ మూడు నాలుగేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ రెజ్యూమెలు నా దగ్గరకి వస్తుంటాయి. 2019లో డిగ్రీ, ఆ తర్వాత తెల్ల కాగితం. ఆ ఖాళీ గురించి అడిగినప్పుడు ఆ పిల్లల ముఖం చూస్తే బాధేస్తుంది.

అనుభవం ఎప్పుడు లెక్కలోకి వస్తుంది

కొన్నేళ్ళ కిందట క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఇద్దరు ఒకే రోజు వచ్చారు. ఒకరు మెకానికల్ బీటెక్, మంచి మార్కులు. ఇంకొకరు ఐటీఐ టర్నర్, ఒక చిన్న వర్క్‌షాపులో నాలుగేళ్ళు పనిచేసినవాడు. బల్ల మీద ఒక స్టీలు షాఫ్టు, మామూలు వెర్నియర్ క్యాలిపర్ పెట్టి కొలవమన్నాం.

బీటెక్ అబ్బాయి మెయిన్ స్కేలు చదివాడు. తర్వాత ఆగిపోయాడు. ఆ వెర్నియర్ లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) ఎంతో చెప్పలేకపోయాడు. ల్యాబ్‌లో అయిదుగురికి ఒకటి ఇచ్చేవారట, రీడింగులు ఎవరో ఒకరు తీస్తే మిగతావాళ్ళు రికార్డులో రాసుకునేవారట. ఐటీఐ అబ్బాయి ముందు షాఫ్టుని గుడ్డతో తుడిచాడు. దవడలు మూసి సున్నా దగ్గర సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల కొలిచి, "ఈ చివర 0.04 మిల్లీమీటర్ తక్కువుంది సార్, టేపర్ వచ్చింది" అన్నాడు. షాఫ్టు ఒక చివర సన్నబడిందని అర్థం. మేము అడగని సంగతి అది.

ఆ తర్వాత కాగితాలు అడిగాం. ఐటీఐ అబ్బాయి దగ్గర పేస్లిప్పులు లేవు. వారానికోసారి చేతికి డబ్బిచ్చేవారు. పీఎఫ్ లేదు, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. అనుభవం ఉన్నట్టు ఒక ముక్క రాసివ్వమంటే ఓనరు కుదరదన్నాడట. రాసిస్తే పీఎఫ్ ఎందుకు కట్టలేదని ఎవరైనా అడుగుతారని ఆయన భయం. మా దగ్గర జీతం నిర్ణయించే పద్ధతిలో, రుజువు లేని నాలుగేళ్ళు సున్నా కిందే లెక్క. అంత చక్కగా పని తెలిసినవాణ్ణి ఫ్రెషర్ జీతానికి తీసుకోవాల్సి వచ్చింది.

బీటెక్ అబ్బాయిని ఇన్‌స్పెక్టర్‌గా తీసుకోలేదు, ట్రైనీ ఇంజినీర్‌గా తీసుకున్నాం. వెర్నియర్ వారంలో నేర్చుకున్నాడు, మైక్రోమీటర్ ఇంకో వారంలో. ఇప్పుడు డ్రాయింగులు చూసి తనిఖీ పద్ధతులు రాస్తాడు, కస్టమర్ ఆడిట్‌కి వస్తే కూర్చుని మాట్లాడతాడు. ఐటీఐ అబ్బాయి ఇవాళ్టికీ మా ఇన్‌స్పెక్టర్లందరిలోకీ మేటి. కానీ ఇంజినీర్ గ్రేడ్ ఇవ్వాలంటే కనీసం డిప్లొమా ఉండాలని కంపెనీ రూలు. నేనూ, మా క్వాలిటీ మేనేజరూ అడిగి చూశాం, రూలు మారలేదు.

ఈ ఇద్దరి సంగతి చెబితే కొందరు చదువే గెలిచిందంటారు, కొందరు పనే గెలిచిందంటారు. నాకు కనిపించింది వేరు. బీటెక్‌కి లేని పనితనం కొన్ని నెలల్లో అబ్బింది. ఐటీఐ అబ్బాయికి లేని కాగితాలు ఏళ్ళు గడిచినా రాలేదు. కాబట్టి పనిలో చేరేవాళ్ళు మొదటి రోజు నుంచే కాగితం గురించి పట్టుబట్టాలి.

ఏమేం అడగాలో చెప్తాను. పేరు, హోదా, చేరిన తేదీ రాసిన అపాయింట్‌మెంట్ లెటర్. ప్రతి నెలా పేస్లిప్పు. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి. మీ యూఏఎన్ నంబరు (పీఎఫ్ ఖాతాకి ఇచ్చే శాశ్వత నంబరు) మీరే యాక్టివేట్ చేసుకుని, నెలనెలా డబ్బు పడుతోందో లేదో ఫోన్‌లో చూసుకోండి. నెలకి 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ (ఉద్యోగులకి వైద్య బీమా) సంగతీ అడగండి. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ తీసుకోకుండా రావద్దు. కంపెనీలో పనిచేస్తున్నా కాంట్రాక్టర్ కింద ఉంటే, మీ అనుభవం ఆ కాంట్రాక్టర్ పేరు మీదే ఉంటుంది. అతను పీఎఫ్ కడుతున్నాడో లేదో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ యూఏఎన్ వల్ల ఇంకో సంగతి కూడా తేలిపోతోంది. డబ్బు తీసుకుని రెండు మూడేళ్ళ దొంగ అనుభవం పుట్టించి ఇచ్చే కన్సల్టెన్సీలు మన దగ్గర ఉన్నాయి. ఐటీ కోర్సులు నేర్చుకునే పిల్లలకి, "ఫ్రెషర్‌గా ఎవరూ తీసుకోరు, ఎక్స్‌పీరియెన్స్ పెట్టించుకో" అని పక్కవాళ్ళే చెప్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట అడిగేది పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. అందులో లేని కంపెనీ రెజ్యూమెలో ఉంటే చేరిన మూడో నెలలోనైనా తీసేస్తారు. అలా పోయిన ఉద్యోగం తర్వాతి చోట కూడా వెంటాడుతుంది. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ దారిలోకి వెళ్ళొద్దు.

పని ఎంచుకునేటప్పుడు ఇంకొకటి చూడాలి. అక్కడ ఏడాదికోసారైనా కొత్త పని చేతికొస్తుందా? అసెంబ్లీ లైన్‌లో ఒకే చోట నిలబడి ఒకే స్క్రూ బిగించే పనిలో అయిదేళ్ళున్నా బయట దాన్ని అయిదేళ్ళ అనుభవంగా ఎవరూ చూడరు. జీతం రెండు వేలు తక్కువైనా సరే, మెయింటెనెన్స్‌లో చేరమని నేను పిల్లలకి చెప్తాను. అక్కడ రోజూ కొత్త మెషిన్, కొత్త బ్రేక్‌డౌన్. మోటారు, ప్యానెల్, హైడ్రాలిక్స్ అన్నీ చేతికొస్తాయి.

అప్రెంటిస్‌షిప్‌ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, ఎందుకంటే స్టైపెండ్ తక్కువ. 2019 సవరణ ప్రకారం చదువుని బట్టి నెలకి కనీసం 5,000 నుంచి 9,000. దాన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫారసు చేసింది. ఆ డబ్బుతో సిటీలో బతకడం కష్టమే. కానీ 1961 అప్రెంటిస్ చట్టం కింద పూర్తి చేసినవాడికి దొరికే జాతీయ సర్టిఫికెట్ ఎక్కడైనా చెల్లుతుంది. రైల్వే లెవెల్-1 పోస్టుల్లో ఇలా పూర్తి చేసినవాళ్ళకి 20 శాతం కేటాయింపు ఉంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక ఏడాది తక్కువ డబ్బుకి ఓర్చుకోగలిగితే ఇంతకన్నా గట్టి అనుభవపు కాగితం దొరకదు.

రెండూ కలిసొచ్చే దారులు

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకే ఉద్యోగానికి అర్హత వస్తుంది. కావాలంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ వాళ్ళకీ బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది, తెలంగాణలో ఆ పరీక్షని ఎల్‌పీసెట్ అంటారు. ఇంట్లో డబ్బు పరిస్థితి ఎప్పుడెలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఇంటర్ కంటే ఈ దారే భద్రం అని నా గట్టి నమ్మకం. మధ్యలో ఎక్కడ ఆగాల్సి వచ్చినా చేతిలో ఒక పనికొచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. ఇంటర్ దగ్గర ఆగితే అది ఉండదు.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ గురించి ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. సీఐటీడీ అంటారు. పదో తరగతి తర్వాత టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ళ డిప్లొమా ఉంది, దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. అక్కడ పిల్లలు మెషిన్ల మీద గంటల కొద్దీ పనిచేస్తారు. మా లాంటి యూనిట్లు వాళ్ళ కోసం పోటీపడతాయి.

కామర్స్ వైపు సీఏ అసలైన కలయిక. ఇంటర్ తర్వాత ఫౌండేషన్ రాయొచ్చు, ఆర్టికల్‌షిప్ పేరుతో ఆడిటర్ దగ్గర పనిచేయడం చదువులో భాగం. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో అది మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది. పరీక్షలు కఠినం, పాసయ్యేవాళ్ళు తక్కువ. అందుకే సీఏ చేసేవాళ్ళు పక్కన బీకాం కూడా పెట్టుకుంటారు, పెట్టుకోవాలి కూడా. సీఏ పూర్తికాకపోయినా ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ చేసిన అనుభవంతో బీకాం ఉన్నవాడికి పని దొరక్కపోవడం నేను చూడలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్ తర్వాతే తీసుకునే దారులు కొన్ని వచ్చాయి. హెచ్‌సీఎల్ టెక్‌బీ కార్యక్రమంలో శిక్షణ తర్వాత ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదువుకోవచ్చు. తమిళనాడులో జోహో 2005 నుంచి సొంత స్కూలు నడుపుతోంది, ఫీజు లేకపోగా స్టైపెండ్ ఇస్తుంది. ఇలాంటివాటిలో చేరే ముందు శిక్షణ ఫీజు ఉందా, ఎన్నేళ్ళు ఉండాలని రాయించుకుంటున్నారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని చదవాలి.

పనిచేసుకుంటూ ఇంజినీరింగ్ చదవాలనుకునేవాళ్ళు మోసపోయే ప్రమాదం ఎక్కువ. దూరవిద్యలో బీటెక్ అని ఎవరైనా అమ్మజూపితే దగ్గరకి రానివ్వద్దు. డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది, ఎంతోమంది ఉద్యోగుల ప్రమోషన్లు చిక్కుల్లో పడ్డాయి. పనిచేసుకుంటూ పరీక్షలు రాసి తెచ్చుకునే పాతకాలపు ఏఎంఐఈ కూడా అంతే. 2013 మే 31 లోపు చేరినవాళ్ళకే దాన్ని బీటెక్‌తో సమానంగా గుర్తిస్తారు. ఇప్పుడు సరైన దారి, ఉద్యోగుల కోసం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) 2023-24 నుంచి కాలేజీల్లో అనుమతించిన బీటెక్. డిప్లొమా, ఉద్యోగ అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి దగ్గర్లో ఉండాలి, క్లాసులు డ్యూటీకి అడ్డురాని వేళల్లో పెడతారు. బీఏ, బీకాంలను దూరవిద్యలో చేయడానికి ఇబ్బందేమీ లేదు, ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు ఆ ఏడాది యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే

అమెరికా అయితే డిగ్రీ లేకుండా కష్టం. అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బీకి బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైనది ఉండాలి. సమానం అని లెక్కించేటప్పుడు మూడేళ్ళ అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువు కింద చూస్తారు. అంటే మూడేళ్ళ బీఎస్సీ ఉన్నవాడికి తగిన రంగంలో మూడేళ్ళ అనుభవం కలిస్తే నాలుగేళ్ళ డిగ్రీతో సరిపోతుంది. ఇంటర్‌తో ఆగినవాడు అనుభవంతోనే పూడ్చాలంటే పన్నెండేళ్ళు కావాలి. ఎంఎస్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు కూడా, చాలా అమెరికన్ యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయని ముందే తెలుసుకుని మూడేళ్ళ డిగ్రీ, నాలుగేళ్ళ డిగ్రీల మధ్య నిర్ణయం తీసుకోవాలి.

జర్మనీ ఇంకోలా ఉంది. 2023 నవంబరు నుంచి ఐటీ రంగంలో డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్ళలో కనీసం మూడేళ్ళ తగిన అనుభవం, వాళ్ళు పెట్టిన జీతం స్థాయి ఉంటే బ్లూ కార్డు అనే ఉద్యోగ, నివాస అనుమతి ఇస్తున్నారు. అక్కడా అనుభవాన్ని కాగితం మీదే రుజువు చేయాలి.

గల్ఫ్ సంగతి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు, కడప, గోదావరి జిల్లాల వైపు వేరేగా చెప్పక్కర్లేదు. పదో తరగతి పాసైతే ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్‌కి పనికి వెళ్ళేటప్పుడు విడిగా ప్రభుత్వ అనుమతి అక్కర్లేనిది) వస్తుంది. ఆ ఒక్క మెమో కోసమైనా పది పూర్తి చేయించండి. వెల్డర్, ఎలక్ట్రీషియన్, పైప్ ఫిట్టర్‌లకి అక్కడ చేతిపని పరీక్ష పెట్టి తీసుకుంటారు, అనుభవానికే విలువ. అదే సౌదీలో ఇంజినీర్ అనే హోదాతో వెళ్ళాలంటే డిగ్రీ, అక్కడి ఇంజినీర్ల మండలిలో నమోదు రెండూ కావాలి. డిగ్రీకి ఇక్కడ అటెస్టేషన్ చేయించుకోవాలి. ఫీజు బకాయి ఉందని కాలేజీ ఒరిజినల్స్ ఆపేస్తే అదంతా ఆగిపోతుంది. రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే కాలేజీల వల్ల చేతికొచ్చిన వీసాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇది చాలా అన్యాయం.

ఆడపిల్లల విషయంలో నా సలహా వేరు

అబ్బాయికి చెప్పే లెక్క అమ్మాయికి యథాతథంగా చెప్పకూడదని నాకు అనిపిస్తుంది. పెళ్ళి, పిల్లలు, ఊరు మారడం వల్ల ఆడవాళ్ళ ఉద్యోగంలో అయిదారేళ్ళ ఖాళీ వచ్చే అవకాశం మన దగ్గర ఇంకా ఎక్కువే. ఆ ఖాళీ తర్వాత తిరిగొచ్చినప్పుడు పాత అనుభవాన్ని సగం మంది పట్టించుకోరు. డిగ్రీ మాత్రం అలాగే ఉంటుంది. బీఈడీ చేయొచ్చు, పోటీ పరీక్ష రాయొచ్చు, బ్యాంకుకో స్కూలుకో వెళ్ళొచ్చు. ఇంకో సంగతి, చదువుకుంటోంది అంటే పెళ్ళి మాట మూడేళ్ళు వెనక్కి వెళ్తుంది. పద్దెనిమిది నిండగానే సంబంధాలు చూసే ఇళ్ళల్లో ఆ మూడేళ్ళు ఆ అమ్మాయికి ఎంత అవసరమో చెప్పలేను. డబ్బు తక్కువుంటే ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ చూడండి, నర్సింగ్ చూడండి, అంతే గానీ "ఎలాగూ పెళ్ళి చేసి పంపేదే కదా" అని చదువు మాన్పించి షాపులో పెట్టకండి.

మీది ఏ పరిస్థితి

ఎంపీసీ చదివి మంచి ర్యాంకు వచ్చి, కన్వీనర్ కోటాలో పేరున్న కాలేజీ దొరికితే చేరిపోండి. మొదటి ఏడాది నుంచే సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయండి, అదీ నిజంగా వెళ్ళి చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి కూడా ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక సర్టిఫికెట్ కొనుక్కునే అలవాటు పెరిగింది. ఇంటర్వ్యూలో ఆ కంపెనీ గేటు ఎటువైపు ఉందని అడిగినా దొరికిపోతారు.

ర్యాంకు లక్ష దాటి, క్లాసులు సరిగా జరగని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఒక్కటే మిగిలితే ఆ డబ్బు పెట్టకండి. పొలమో బంగారమో అమ్మి కట్టే పని అసలే వద్దు. మూడేళ్ళ డిగ్రీ, దానితో పాటు ఒక పని. పనిలో ఇష్టం కుదిరితే ఆ రంగంలోనే పై చదువు చూసుకోవచ్చు.

ఇంట్లో సంపాదించే మనిషి లేక ఇప్పుడే డబ్బు కావాల్సినవాళ్ళకి ఎంచుకునే వీలు తక్కువ, అది నాకు తెలుసు. అలాంటప్పుడు కూడా, రోజు కూలి నాలుగు వందలు ఎక్కువిచ్చే పనికీ నెల జీతం, పీఎఫ్ ఉన్న పనికీ మధ్య రెండోదే పట్టుకోండి. ఏడాది తర్వాత ఓపెన్ డిగ్రీలో చేరండి.

ఉద్యోగంలో కుదురుకున్న పాతికేళ్ళవాళ్ళలో డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్ళు చాలామంది ఉంటారు. రెండు సబ్జెక్టులు మిగిలిపోయి, ఇక ఆ ఊసే ఎత్తరు. వాళ్ళకి నేను మరీ మరీ చెప్పేది ఇదే. మీకు అన్నిటికన్నా చౌకగా దొరికే డిగ్రీ ఆ సప్లీలే. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో నాలుగేళ్ళ కోర్సు పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ళు గడువు ఉంటుంది, మిగతాచోట్ల వాళ్ళ వాళ్ళ నిబంధనలుంటాయి. మీ యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్ళి మీ గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి, పాత రెగ్యులేషన్ వాళ్ళకి ప్రత్యేక అవకాశం ఏమైనా ఇస్తున్నారేమో అడగండి. రెండు నెలలు రాత్రిళ్ళు చదివితే పోయేదానికి జీవితాంతం సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోవద్దు.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో చూపించే ప్లేస్‌మెంట్ బ్యానర్ చూసి రాకండి. బస్టాపులో నిలబడ్డ ఫైనల్ ఇయర్ పిల్లల్ని అడగండి: మీ సీనియర్లు మీ బ్రాంచ్‌లో ఎంతమంది, వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారు, ల్యాబ్ వారానికి ఎన్నిసార్లు జరుగుతుంది, క్లాసుకి రాకపోయినా అటెండెన్స్ వేస్తారా. పనిలో చేరే ముందు కూడా అంతే, షిఫ్టు మారే వేళకి గేటు దగ్గరకి వెళ్ళి, రెండేళ్ళుగా అక్కడ చేస్తున్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని పేస్లిప్పు ఇస్తున్నారా, పీఎఫ్ పడుతోందా, చేరినప్పటికీ ఇప్పటికీ పని ఏమైనా మారిందా అని అడగండి.